1978లో కట్టిన ఇల్లు: హాలుకీ మధ్య గదికీ నడుమ ఉన్న గోడ తీసేయొచ్చా?

తెనాలి కోడలు

అందరికీ నమస్కారం. ఇది మా అత్తగారింటి సంగతి. తెనాలిలో మామగారు 1978లో కట్టించిన ఇల్లు. తూర్పు ముఖం. వరండా దాటితే హాలు, హాలు వెనక మధ్య గది, దాని వెనక వంటిల్లు. రెండు పక్కలా పడక గదులు. హాలూ మధ్య గదీ ఒకటే కొలత: తూర్పు పడమరలు 11 అడుగులు, ఉత్తర దక్షిణాలు 14. ఈ రెండింటికీ మధ్య ఉన్న గోడ గురించే ఇంట్లో రెండు నెలలుగా గొడవ.

మధ్య గదికి నాలుగు పక్కలా గదులే. కిటికీ పెట్టడానికి బయటి గోడంటూ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పగలంతా ఆ గదిలో మంచం మీదే ఉంటారు. టీవీ మాత్రం హాల్లో ఉంది. గుమ్మంలోంచి ఆవిడకి టీవీ సగమే కనిపిస్తుంది. "మాట్లాడేవాడు కనిపిస్తాడు, వినేవాళ్లెవరో కనిపించరు" అని రోజూ విసుక్కుంటారు. మంచం జరుపుదామంటే గదిలో ఇంకో చోటు లేదు. టీవీనే ఆ గదిలో పెడతామంటే, వచ్చినవాళ్లంతా నా మంచం చుట్టూ కూర్చుంటారా అంటారు. అదీ నిజమే.

మా మరిది హైదరాబాదులో ఫ్లాట్లు చూసి చూసి, గోడ మొత్తం తీసేసి 22 అడుగుల హాలు చేద్దామంటున్నాడు. మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాం, అప్పటికి పని అయిపోవాలని తొందర. మాకు ఎప్పుడూ పనులు చేసే మేస్త్రి గారు వచ్చి చూసి, జాకీలు (స్లాబు కింద పెట్టే ఇనుప ఊతలు) కొట్టి గోడ తీసేస్తా, పైన ఒక బీము పోస్తా, నాలుగు రోజుల పని అన్నారు. అదే వీధిలో ఇల్లు కడుతున్న ఇంకొకాయన్ని అడిగితే, ఆ గోడ జోలికి వెళ్లొద్దు అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లొద్దో చెప్పలేదు. ఒకరు నాలుగు రోజుల పనంటారు, ఒకరు అసలు వద్దంటారు. నాకు టెన్షన్ పట్టుకుంది.

ఇంకో విషయం. 1994లో మేడ మీద ఇంటి వెనక సగంలో ఒక గది, చిన్న వంటిల్లు వేసి అద్దెకిచ్చాం. నీళ్ల ట్యాంకు ఆ గది పైన ఉంటుంది.

బరువు మోసే గోడో కాదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి? మోసేదే అయితే దాన్ని తీయడం జరిగే పనేనా?

గృహప్రవేశం

మాది విజయవాడ. మేమూ హాలుకీ డైనింగుకీ మధ్య గోడ తీయించాం. ఆరేళ్లయింది, ఒక్క బీట కూడా లేదు. ఇంత భయపడాల్సిన పని కాదండీ. గోడని వేళ్లతో తట్టి చూడండి. డొల్లగా మోగితే పార్టిషన్ గోడ (బరువు మోయని అడ్డుగోడ), నిశ్చింతగా తీసేయొచ్చు. మీ మేస్త్రి గారు బీము పోస్తానంటున్నారుగా, ఇంకేం కావాలి? వాస్తు ప్రకారం కూడా ఇంటి నడిమధ్య బ్రహ్మస్థానం ఖాళీగా ఉంటేనే మంచిది. ముహూర్తం దగ్గర పడుతోంది కదా, ఆలస్యం చేయకండి.

పాత సిమెంటు

తెనాలి కోడలు గారూ, నేను గుంటూరులో స్ట్రక్చరల్ ఇంజనీరుని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాత ఇళ్లే. కొత్త ఇళ్లకి డ్రాయింగులు ఉంటాయి, పాత ఇళ్లకి అత్తగార్ల జ్ఞాపకాలు ఉంటాయి. రెండోదే నాకు ఎక్కువ పనికొస్తుంది, కాబట్టి ఆవిడని కొన్ని ప్రశ్నలు అడగాలి. చివర్లో చెబుతాను.

ముందు తట్టి చూడడం సంగతి. అది మానేయండి. నలభై ఏళ్ల ప్లాస్టరింగు ఇటుక నుంచి విడిపోయి ఉంటే ఎంత లావు గోడైనా డొల్లగానే మోగుతుంది. గుమ్మం దగ్గర టేపు పెట్టి గోడ మందం కొలవండి. రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి పది, పదిన్నర అంగుళాలు వస్తే తొమ్మిది అంగుళాల గోడ. ఆరు అంగుళాల లోపు వస్తే నాలుగున్నర గోడ, అది సాధారణంగా అడ్డుగోడే. మీరు చెప్పిన కొలతలు చూస్తే తొమ్మిదే వస్తుందని నా అనుమానం.

ఇప్పుడు కడుతున్న ఇళ్లలో పిల్లర్లు, బీములు ముందు లేపి, తర్వాత మధ్యలో ఇటుక పేరుస్తారు. అక్కడ తొమ్మిది అంగుళాల గోడైనా తీస్తే చాలావరకు నష్టం ఉండదు, బరువు పిల్లర్లది కాబట్టి. 1978లో మన ఊళ్లలో సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లు పిల్లర్లు వేయడం అరుదు. పునాది మీద గోడ, గోడ మీద స్లాబు. గృహప్రవేశం గారూ, మీ ఇల్లు ఎప్పటిది? పిల్లర్లున్నాయా? అది తెలియకుండా మీకు ఏమీ కాలేదన్న మాట ఈవిడకి పనికిరాదు.

స్లాబు సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మేస్త్రి గారికీ మీ వీధిలో ఇల్లు కడుతున్నాయనకీ తేడా వచ్చింది ఇక్కడే. స్లాబు తన బరువులో ఎక్కువ భాగాన్ని దగ్గరి గోడల మీదికే పంపుతుంది. మీ గదులు 11, 14. అంటే ముఖ్యమైన రాడ్లు 11 అడుగుల వైపు, తూర్పు పడమరలుగా ఉంటాయి. హాలు మీది స్లాబులో సగం దాకా, మధ్య గది మీది స్లాబులో సగం దాకా మీరు తీద్దామనుకుంటున్న గోడ మీదే కూర్చున్నాయి. పైగా ఆ రోజుల్లో రాడ్లని గోడ దగ్గరికి వచ్చేసరికి ఒకటి విడిచి ఒకటి పైకి క్రాంకు కొట్టేవారు, అంటే ఏటవాలుగా పైకి వంచేవారు. గోడ మీద స్లాబు పై ముఖం సాగుతుంది కాబట్టి ఇనుము అక్కడ పైన ఉండాలి, గది మధ్యలో కింద ఉండాలి. సరైన పద్ధతే. ఇప్పుడు ఆ గోడ తీసేసి పైన సరైన బీము లేకపోతే, నిన్నటిదాకా గోడ ఉన్న చోటు 22 అడుగుల స్లాబుకి నడిమధ్య అవుతుంది. కింద ఎక్కువ ఇనుము కావాల్సిన చోట సగం రాడ్లు పైకి పోయి ఉన్నాయి. మిగిలినవి కూడా అక్కడికి వచ్చి ఆగిపోయి ఉండొచ్చు. స్లాబు ఆ రోజే పడిపోకపోవచ్చు. మధ్యలో కిందికి వంగి బీట తీసి, వానాకాలంలో ఆ బీటలోంచి నీళ్లు దిగి రాడ్లు తుప్పు పట్టి, ఏడాదికో రెండేళ్లకో పెచ్చులు ఊడడం మొదలవుతుంది.

బరువెంతో ఒక అంచనా చెబుతాను. ఇది డిజైను లెక్క కాదు, దీన్ని చూసి ఇనుము కొనకండి. అయిదు అంగుళాల స్లాబు చదరపు అడుగుకి 29 కిలోల దాకా ఉంటుంది. దాని మీద గచ్చు లేదా టైల్సు, మనుషులు, సామాను కలిపితే 60 కిలోలు అనుకుందాం. గోడలో 12 అడుగులు తీస్తే దాని మీద పడే స్లాబు 132 చదరపు అడుగులు, అంటే ఎనిమిది టన్నులు. స్లాబు రెండు గదుల మీదా ఒకే పోతగా ఉంటే నడిమి గోడ మీద దాదాపు పావు వంతు ఎక్కువ పడుతుంది. పది టన్నులు వేసుకోండి. మేడ మీది గది ముందు గోడ సరిగ్గా దీని మీదే లేచి ఉంటే, ఆ గోడ బరువు అయిదు టన్నుల పైన, ఆ గది స్లాబులో సగం ఇంకో నాలుగు. మొత్తం ఇరవై టన్నులకి దగ్గర పడింది. మేస్త్రి గారు పోస్తానన్న బీము దీన్ని మోయగలదా అన్నది మొదటి ప్రశ్న. బీము రెండు చివర్లా చెరో పది టన్నులూ దేని మీద నిలబడతాయి అన్నది దానికన్నా పెద్ద ప్రశ్న. ఇప్పటిదాకా 14 అడుగుల పొడవునా పునాది మీద పరుచుకుని దిగిన బరువు ఇకనుంచి రెండు చోట్లే దిగుతుంది. మీది డెల్టా నేల, నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఆ రెండు చోట్లా కింద కొత్త పునాది లేకుండా 12 అడుగుల బీము పెడితే, ఇల్లు ఒక పక్కకి దిగడం మీరు కిటికీ తలుపులు పట్టేయడంతో గమనిస్తారు.

ఇంకో సంగతి మేస్త్రులు కూడా మర్చిపోతుంటారు. 1978లో సిమెంటు కంట్రోల్లో ఉండేది. పర్మిట్ పెట్టుకుని బస్తాలు తెచ్చుకోవాలి. 1982లో కంట్రోలు కొంత సడలించాకే బయట తేలిగ్గా దొరకడం మొదలైంది. అందుకని చాలామంది దొరికిన సిమెంటు స్లాబుకీ లింటెల్సుకీ (గుమ్మాలు, కిటికీల పైన అడ్డంగా పోసే పట్టీలు) దాచిపెట్టి, గోడలు సున్నంతోనో మట్టితోనో లేపేవారు. పైన సిమెంటు ప్లాస్టరింగు చూసి లోపలా సిమెంటే అనుకుంటాం. ఒక స్విచ్ బోర్డు విప్పి (మెయిన్ ఆపేసి) ఇటుకల మధ్య సందుని స్క్రూడ్రైవరుతో గీకండి. పొడిపొడిగా రాలితే, ఏ రంగులో ఉందో చెప్పండి.

అత్తగారిని అడగాల్సినవి: స్లాబు ఒకే రోజు పోశారా, రెండుసార్లుగానా? గోడ కింద పునాది బయటి గోడలంత లోతు తీశారా? మేడ మీద గది వేసినప్పుడు కింద ఏమైనా బలపరిచారా? పైన గోడ సరిగ్గా కింది గోడ మీదే ఉందో లేదో మాత్రం మీరే కొలవండి, ఎవరి మాటా నమ్మొద్దు. మెట్ల వైపు బయటి గోడని ఆనవాలుగా పెట్టుకుని కిందా పైనా టేపు పట్టుకుంటే తెలిసిపోతుంది.

ఇవన్నీ అయ్యాక ఒక్క మాట ఆలోచించండి. మీకు కావల్సింది వెలుతురు, అత్తగారికి పూర్తి టీవీ. 22 అడుగుల హాలు మీ మరిదికి కావాలి. ఈ రెండూ వేరే వేరే పనులు, ఖర్చులు కూడా వేరే.

ప్రొద్దుటూరు మిద్దె

పాత సిమెంటు గారు చెప్పింది ఇటుక గోడల సంగతి. మా వైపు మట్టి మిద్దె ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివి పనికి దిగుతారేమోనని రాస్తున్నా. మిద్దెల్లో దూలాలు కొన్ని గోడ మీద, కొన్ని స్తంభాల మీద ఉంటాయి. పైన దంతెలు (దూలాలకి అడ్డంగా పరిచే సన్న కర్రలు), దాని మీద మట్టి. ఏ దూలం దేని మీద ఆనిందో కింద నిలబడి తలెత్తి చూస్తే కనిపిస్తుంది, అది మాకున్న సుఖం. కష్టమేందంటే గోడ. రాతి గోడ రెండడుగుల మందం. లోపలి ముఖం ఒక వరుస, బయటి ముఖం ఒక వరుస, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ కూరి ఉంటుంది. అట్లాంటి గోడకి పెద్ద కన్నం పెడితే జొన్నల సంచికి అడుగున కన్నం పెట్టినట్టే. పైనుంచి రాళ్లు జారుతూనే ఉంటాయి, మీరు అనుకున్న వెడల్పు దగ్గర ఆగదు.

మా పెదనాయన ఇంట్లో వాకిలి వెడల్పు చేయాలని మొదలుపెట్టి, దూలం కింద నిట్రాళ్లు నిలబెట్టి, కొంచెం కొంచెంగా రాళ్లు తీస్తూ, తీసినంతమేర రెండు పక్కలా సిమెంటుతో కట్టుకుంటూ పోయినారు. మూడున్నర అడుగుల వాకిలి అయిదడుగులు కావడానికి నెల పట్టింది. ఇంకొక మాట. పైన మట్టి తడిగా ఉన్నప్పుడు మిద్దె బరువు ఎక్కువుంటుంది. వానలు పోయి ఎండిన తర్వాతనే ఇట్లాంటి పని పెట్టుకోండి.

తెనాలి కోడలు

అందరికీ థాంక్స్. ఆదివారమంతా ఇదే పని. కొలిచినవి రాస్తున్నాను.

గుమ్మం దగ్గర మందం పదింబావు అంగుళాలు. మా మరిది ఆరు అంగుళాలే ఉంటుందని పందెం కాశాడు, ఓడిపోయాడు. మేడ మీది గది ముందు గోడ కింది గోడ మీదే ఉంది. రెండుసార్లు కొలిచాం, అర అంగుళం తేడా కూడా లేదు. అంటే మీరు చెప్పిన ఇరవై టన్నుల లెక్క మాదే.

స్విచ్ బోర్డు వెనక గీకితే తెల్లగా, ఇసకతో కలిసి పొడిలా రాలింది. అత్తగారికి చూపిస్తే సున్నమే అన్నారు. ఇంటి ముందు గానుగ వేయించి, ఎద్దుతో తిప్పించి సున్నం రుబ్బించారట. సిమెంటు స్లాబుకి మాత్రమే వాడారట. స్లాబు ఒకే రోజు పోశారు, తెల్లవారుజామున మొదలుపెట్టి చీకటి పడేదాకా. ఆవిడ నలభై మందికి వంట చేశారు కాబట్టి బాగా గుర్తుంది. పునాది లోపలి గోడలకి కూడా బయటి వాటిలాగే తీశారని, అడుగున ఇసక పోసి నీళ్లు పట్టారని చెప్పారు. మేడ వేసినప్పుడు కింద ఏమీ బలపరచలేదు.

హాల్లో సీలింగుకి గోడ కలిసే చోట సన్నటి బీట ఒకటి కనిపించింది. వెంట్రుకంత. ఇదివరకే ఉందో కొత్తదో తెలియదు.

మీరు చివర్లో అడిగింది అత్తగారికి చదివి వినిపించాను. "ఆయనెవరో తెలివైనవాడు, నాకు గోడ అక్కర్లేదని ఎవరన్నారు, నాకు టీవీ కావాలి" అన్నారు. మా మరిది ఏమీ అనలేదు.

పోనీ గోడ మొత్తం తీయకుండా గుమ్మాన్నే వెడల్పు చేస్తే? గుమ్మం ఇప్పుడు మూడడుగులు, గోడకి సరిగ్గా మధ్యలో ఉంది.

పాత సిమెంటు

అత్తగారికి నా నమస్కారాలు. స్లాబు పోసిన రోజు ఎంతమందికి వండారో గుర్తున్న మనిషి ఉంటే సగం పరిశోధన అయిపోయినట్టే.

మూడడుగుల గుమ్మాన్ని ఆరడుగులు చేయండి. నా సలహా అదే. 14 అడుగుల గోడలో మధ్యలో ఆరు తీస్తే ఇరుపక్కలా నాలుగేసి అడుగుల గోడ మిగులుతుంది. దాని కింద పాత పునాది అలాగే ఉంటుంది. బరువు కొంచెం పక్కకి జరుగుతుంది తప్ప రెండు చోట్ల పోగుపడదు. 12 అడుగుల ఖాళీకీ ఆరడుగుల ఖాళీకీ తేడా సగమే అనిపిస్తుంది గానీ, బీముని వంచే శక్తి ఖాళీ వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వెడల్పు సగమైతే అది నాలుగో వంతుకి పడిపోతుంది. బీము మధ్యలో కిందికి వంగడం ఇంకా బాగా తగ్గుతుంది. మేడ మీది గోడ సున్నపు గోడైనా సిమెంటు గోడైనా కింద బీము వంగడాన్ని ఓర్చుకోదు, బీట తీస్తుంది. అందుకే 12 అడుగులకైతే 300 మిల్లీమీటర్ల చానెళ్లు (బీముగా పెట్టే ఇనుప దూలాలు) రెండు, కొత్త పిల్లర్లు, కొత్త పునాదులు అని మొదలవుతుంది. ఆరడుగులకి 200 మిల్లీమీటర్ల చానెళ్లు రెండు సరిపోతాయని నా అంచనా. అవి మీటరుకి 22 కిలోలు, ఇద్దరు మనుషులు ఎత్తగలిగే బరువు. ఖరారు చేయాల్సింది మాత్రం వచ్చి చూసే ఇంజనీరు.

పని ఎలా జరగాలో రాస్తాను, మేస్త్రి గారికి చదివి వినిపించండి. పని చేసేది ఆయనే, ఆయన చెయ్యి మంచిదైతే అదే పెద్ద అదృష్టం.

ముందు మేడ మీది ట్యాంకు ఖాళీ చేయాలి. 1000 లీటర్లంటే టన్ను బరువు. అద్దెకున్నవాళ్లని పని అయ్యేదాకా వేరే చోట ఉండమనండి. తర్వాత జాకీలు. మీకు పైన గోడ ఉంది కాబట్టి స్లాబు కింద మాత్రమే జాకీలు పెడితే చాలదు. పాత లింటెల్ పైన, కొత్త చానెల్ రాబోయే చోటుకి ఎగువన గోడకి కన్నాలు పెట్టి, అడ్డంగా ఇనుప ముక్కలు దూర్చి, ఒక్కోదాని రెండు చివర్లా జాకీలు నిలబెట్టాలి. స్లాబు కింద రెండు వైపులా ఇంకో వరుస. ఆ జాకీల కాళ్లు ఉట్టి గచ్చు మీద పెట్టొద్దు. మీ గచ్చు కింద ఉన్నది నింపిన మట్టో ఇసకో, జాకీ బరువుకి అది అణిగిపోతుంది. కింద పొడవాటి మందపు చెక్కలు పరిచి వాటి మీద నిలబెట్టాలి. జాకీని బిగించాలి, స్లాబుని ఎత్తకూడదు. ఒక్క చుట్టు ఎక్కువ తిప్పితే మేడ మీద గచ్చు పగులుతుంది.

ఇక చానెళ్లు. గోడకి ఒక వైపు మాత్రం లింటెల్ పైన గాడి కొట్టాలి. అది మూడు అంగుళాల లోతు చాలు. మొదటి చానెల్ అందులో పెట్టి, పైనా పక్కనా సందు లేకుండా కుదించుకుపోని గ్రౌటు (సందుల్లో నింపే సిమెంటు ముద్ద) దట్టించాలి. అది గట్టిపడ్డాకే రెండో వైపు గాడి కొట్టాలి. అలా చేస్తే ఏ క్షణంలోనూ గోడ పూర్తిగా తెగదు. రెండు చానెళ్లనీ గోడలోంచి బోల్టులతో కలిపి బిగిస్తారు. చివర్లు ఉట్టి సున్నపు ఇటుక మీద కూర్చోకూడదు, రెండడుగుల పొడవు కాంక్రీటు దిమ్మ పోసి దాని మీద ఆనించాలి. ఆ దిమ్మని వారం రోజులు తడపాలి. ఇవన్నీ అయ్యాక కింద ఇటుకలు పైనుంచి కిందికి, చేత్తో తీయాలి. బ్రేకర్ మిషన్ వద్దు. సున్నపు గోడ ఆ అదురుకి పక్కనున్న మంచి భాగం కూడా వదులవుతుంది.

ఇనుము బదులు కాంక్రీటు బీమే కావాలని మేస్త్రి గారు పట్టుబడితే, కాంక్రీటు పనుల కోడ్ (ప్రమాణాల పుస్తకం) ప్రకారం 20 అడుగుల లోపు బీము కింద జాకీలు మామూలు సిమెంటుతో 14 రోజులు ఉంచాలి. నాలుగు రోజుల పని అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది అందుకే.

ఆ వెంట్రుకంత బీట మీద పెన్సిలుతో రెండు చివర్లా గీతలు గీసి, పక్కన తేదీ రాసి పెట్టండి. పనికి ముందూ తర్వాతా ఫొటో తీయండి. గీత దాటి పెరిగితే ఆ రోజే పని ఆపి ఇంజనీరుకి ఫోను చేయండి.

కాగితాల సంగతి: మీ మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ అధికారి ఉంటారు. బరువు మోసే గోడలో మార్పు కాబట్టి ఏం ఇవ్వాలో ఆయన్ని ముందే అడిగి, లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో డ్రాయింగు తీసుకోండి. ఆ కాగితం ఇల్లు అమ్మే రోజున కూడా పనికొస్తుంది. గోడ ఉంచడానికి ఇంకో కారణం కూడా ఉంది. భూకంపం వచ్చినప్పుడు ఇల్లు పక్కకి ఊగకుండా ఆపేవి ఈ గోడలే. 1967లో ఒంగోలులో వచ్చింది, మీకు మరీ దూరమేం కాదు. పిల్లర్లు లేని ఇంట్లో బరువు మోసే గోడ ఒకటి మొత్తం తీసేయడం నాకు ఇష్టం ఉండదు, పైన ఎంత బీము పెట్టినా.

వెలుతురు కోసం ఇంకొక చిన్న పని: వరండా వైపు హాలు కిటికీల మీద సన్‌షేడ్ కింద మూసేసిన వెంటిలేటర్లు ఉంటే తెరిపించండి. ఆ కాలపు ఇళ్లలో చాలాచోట్ల ఏసీ పెట్టినప్పుడు అట్టముక్కలతో మూసేస్తారు.

గృహప్రవేశం

అడిగారు కాబట్టి ఇంట్లో కనుక్కున్నాను. మాది 2009లో కట్టింది. పిల్లర్లున్నాయట. మేం తీసింది నాలుగున్నర గోడ. కాబట్టి నేను చెప్పింది ఈవిడ ఇంటికి వర్తించదు. వాస్తు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాత సిమెంటు

వాస్తు మీ దగ్గరే ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు.

తెనాలి కోడలు

ఆరడుగులే ఖాయం చేశాం. మేస్త్రి గారికి మొత్తం చదివి వినిపించాను. కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ, జాకీల కాళ్ల కింద చెక్కల సంగతి తనకి తెలుసని, ఇనుప ముక్కలు గోడలోంచి దూర్చడం తను రైల్వే క్వార్టర్సు పనిలో చేశానని చెప్పారు. గుంటూరు నుంచే ఒక ఇంజనీరు గురువారం వస్తున్నారు. వెంటిలేటర్లు నిజంగానే అట్టలతో మూసి ఉన్నాయి! రెండు తెరిచాం. ఒక్క సందేహం మిగిలింది. గుమ్మానికి కుడి పక్క గోడలో దేవుడి గూడు ఉంది, రెండడుగుల వెడల్పు, రెండున్నర ఎత్తు. అది మిగిలే నాలుగడుగుల్లోనే వస్తుంది. దాన్ని అలాగే ఉంచొచ్చు కదా?

పాత సిమెంటు

ఉంచకూడదు. గూడు లోతు నాలుగున్నర అంగుళాలు ఉంటుంది. అంటే ఆ రెండడుగుల మేర గోడ మందం సగమే. ఇకనుంచి ఎక్కువ బరువు మోయాల్సింది ఆ ముక్కే. జాకీలు పెట్టకముందే గూడుని మంచి ఇటుకతో, పాత వరుసల్లోకి పళ్లు కలుపుతూ పూర్తిగా పూడ్పించండి. పూడ్చాక కనీసం వారం ఆగి పని మొదలుపెట్టండి. దేవుణ్ణి ఎక్కడికి మార్చాలో అత్తగారితో ఇప్పుడే తేల్చుకోండి, గురువారం ఇంజనీరు ముందు ఆ చర్చ మొదలైతే ఆయనకి కాఫీలు ఇవ్వలేక చస్తారు.